గాజు మీద తెల్లమచ్చలు

"ఆ గిన్నె అక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు రహ్మాన్.

గడప దాటబోతున్న నజీమా ఆగింది. ఒక చేతిలో హ్యాండ్‌బ్యాగు, రెండో చేతిలో మూత ఉన్న స్టీలు గిన్నె. ఆ గిన్నె ఈ ఇంటిది కాదు. మూత మీద చుక్కలు చుక్కలుగా 'కొండలమ్మ, గిలకలదిండి' అని కొట్టించిన పేరు శనివారం నుంచీ రహ్మాన్ కళ్ళలో గుచ్చుకుంటూనే ఉంది.

"ఖాళీ గిన్నె అండీ. వాళ్ళది వాళ్ళకి ఇచ్చెయ్యాలిగా."

"ఖాళీ అని కనపడుతూనే ఉంది. ఖాళీ చేసిందెవరా అని అడుగుతున్నా."

"నేనే. చింతకాయ మెత్తళ్ళు. బాగున్నాయి."

ఆ చివరి మాట అననక్కర్లేదని నజీమాకు తెలుసు. రెండు రోజులుగా మొగుడితో నోరు విప్పని మనిషి, విప్పిన ఒక్కసారీ ఇంత కారం చల్లింది.

"పండుగప్ప తెస్తే ముల్లంటావు. శీలావతి తెస్తే వాసనంటావు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో చేప వండితే పప్పు వేసుకుని తిన్నావు. ఆ గంగాధర్ వాళ్ళమ్మ వండి పంపితే మాత్రం ముల్లూ లేదు, వాసనా లేదు!"

"మెత్తళ్ళకి ముల్లేం ఉంటుందండీ?"

పోట్లాటకు దిగినవాడికి ఇలాంటి జవాబు ఇవ్వకూడదు. రహ్మాన్ చేతిలోని టీ గ్లాసును కిటికీలో ఠక్కున పెట్టాడు.

వసారాలో బియ్యంలో రాళ్ళేరుతున్న ఫరహత్ తలెత్తింది. కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసి, "పొద్దున్నే చేపల గొడవేంట్రా? కాలేజీలో ఏం జరుగుతుందోనని దాని ప్రాణం దానికుంటే," అంది.

"జరిగేదేముంది అమ్మీ? చేసినవాణ్ణి పంపిస్తారు."

నజీమా గిన్నెను బ్యాగులో పెట్టుకుంది. జిప్పు లాగుతూ తాపీగా అడిగింది.

"చేసింది ఎవరండీ?"

రహ్మాన్ అద్దం వైపు తిరిగాడు. అత్తరు బుడ్డి కోసం వెతుకుతున్నట్టు అద్దం కింద చెక్క మీద చెయ్యి తడిమాడు. బుడ్డి అక్కడ లేదు.

"ఇక్కడ పెట్టిన అత్తరేది?"

"ఎక్కడో ఉంటుంది," అని నజీమా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. సందు చివర ఆటో ఆగిన చప్పుడు, మళ్ళీ కదిలిన చప్పుడు వినపడ్డాయి.

చేసింది ఎవరో రహ్మాన్‌కు తెలుసు. పటమటలో ఈ ఇంటి పైకప్పు కింద నిలబడి, చల్లారిన టీని చూస్తున్న మనిషే చేశాడు.

శుక్రవారం జుమ్మా నమాజు ముగించుకుని, అదే తెల్ల కుర్తాలో, స్కూటర్ మీద నేరుగా కాలేజీకి వెళ్ళాడు. నజీమా అడిగిన, ల్యాంపులు బిగించే పింగాణీ హోల్డర్లు ఇద్దామని. మామూలుగా అయితే సాయంత్రం ఇంటికి తెచ్చినా సరిపోయేది. కానీ మర్నాడు పరీక్ష చూడ్డానికి తిరువనంతపురం నుంచి ఇస్రో పెద్దలు వస్తున్నారు, ఆ హడావిడిలో తానూ కాసేపు ఉండాలనిపించింది. అతనికి నజీమా ల్యాబ్ పరాయిది కాదు మరి.

ఆకాశం నుంచి భూమికి తిరిగొచ్చే నౌక గాలిలోకి దూసుకొస్తుంది. దాని ముందున్న గాలి నలిగి, కాగి, తానే వెలగడం మొదలుపెడుతుంది. ఆ వెలుగు తాలూకు సెగ నౌక ఒంటి మీద పడుతుంది. నిప్పు ముట్టుకోకపోయినా పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళ మొహం చుర్రుమన్నట్టు. నౌకా లేకుండా, ఆకాశమూ లేకుండా, ఆ సెగ ఒక్కదాన్నే గదిలో పుట్టించి, నౌకకు కప్పే పెంకు దాన్ని ఎంతవరకు ఓర్చుకుంటుందో చూడటం నజీమా పని.

ఆ పని మొదలయింది ఈ ఇంటి పెరట్లో. గవర్నర్‌పేటలో రహ్మాన్ కొట్టు నుంచి పెళ్ళి వీడియోల వాళ్ళు కొనే హాలోజన్ లైట్లు తెచ్చి, అతనే ఒక చట్రంలో వరసగా బిగించి, ఎదురుగా మామూలు ఇంటి పెంకు నిలబెట్టాడు. పెరటి గోడ నల్లగా మాడింది. ఫరహత్ కోడల్ని పిచ్చిదనీ, కొడుకుని అంతకన్నా పిచ్చివాడనీ తిట్టింది. ఆ సాయంత్రం నజీమా మసి మొహంతో నవ్వుతుంటే, రహ్మాన్‌కు తన లైట్ల కొట్టు ఇస్రోకు ఆనుకుని ఉన్నట్టే అనిపించింది.

తర్వాత కాలేజీలో గది ఇచ్చారు. పెంకు పోయి, తిరువనంతపురం వాళ్ళు పంపే తెల్లటి తేలికపాటి పలక వచ్చింది. దాని పేరేదైనా రహ్మాన్‌కు ఇప్పటికీ పెంకే. తర్వాత గంగాధర్ వచ్చాడు. బందరు రేవు దగ్గర చేపలు పట్టే ఇంటి కుర్రాడు, నజీమా దగ్గర పరిశోధనకు చేరాడు. వచ్చిన కొన్నాళ్ళకే మర్యాదగా, చేతులు కట్టుకుని చెప్పాడు. వీడియో లైట్లు చాలవు మేడమ్, బెంగుళూరు నుంచి ఇంకా ఎక్కువ సెగనిచ్చే క్వార్ట్జ్ ల్యాంపులు తెప్పిద్దాం అని. తెప్పించారు. రహ్మాన్ బిగించిన చట్రం ల్యాబ్ వెనక వరండాలో వర్షానికి తుప్పు పట్టింది.

భార్య నడవడి మీద రహ్మాన్‌కు అనుమానం లేదు. ఉంటే ఒక గొడవతో పోయేది. ఇది అచ్చంగా కుళ్ళు. తాను నిలబడిన చోట వేరొకడు నిలబడ్డాడు, ఆ చోటు వాడికే బాగా నప్పింది.

శుక్రవారం ల్యాబ్ తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల నజీమా గంగాధర్ చేతికి తెల్ల నూలు తొడుగు తొడుగుతోంది. అతని రెండో చేతిలో ల్యాంపు ఉంది, వదలడానికి వీల్లేదు. అందుకే తొడుగుతోంది. చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. రహ్మాన్‌కూ అర్థమయింది. కానీ ఆమె దేనికో నవ్వింది. మసి మొహంతో పెరట్లో నవ్విన నవ్వే అది.

వాళ్ళిద్దరూ టీకి వెళ్ళేదాకా అతను వరండాలో ఆగాడు. లోపలికి వెళ్ళి హోల్డర్లు బల్ల మీద పెట్టాడు. వరసలో మధ్యనున్న ల్యాంపును ఊడదీసి, వట్టి చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. కొట్టుకొచ్చిన ప్రతి వీడియో కుర్రాడికీ తానే చెప్పే మాట అప్పుడు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. గాజును వట్టి చేత్తో పట్టుకోకూడదు. చేతి జిడ్డు, ఉప్పు అంటుకుంటే వేడికి అక్కడ గాజు తెల్లబడి, చిట్లి పగిలిపోతుంది. అన్నీ తెలిసే అతను అయిదు వేళ్ళతోనూ పట్టుకున్నాడు. మళ్ళీ బిగించాడు. ఏం చేశాడో స్కూటర్ ఎక్కాక తెలిసింది. వెనక్కి తిరిగి, ఆ గాజును స్పిరిటు గుడ్డతో తుడిస్తే సరిపోయేది. బెంజి సర్కిల్ దాకా అదే అనుకుంటూ వెళ్ళాడు, తిరగలేదు.

శనివారం అందరి ముందూ ల్యాంపు పేలింది. దానితో పాటు పక్కవీ పోయాయి. గాజుముక్కలు తగిలి పలక పెచ్చులూడింది. తిరువనంతపురం నుంచి వచ్చిన సంజీవరావు ఒక ముక్కను పట్టకారుతో ఎత్తి, దాని మీద తెల్లమచ్చలు చూపించి, "ఎవరో చేత్తో ముట్టుకున్నారు," అన్నాడట. నజీమా వసారాలో అత్తకు చెబుతుంటే రహ్మాన్ విన్నాడు. ఇంకొక పలకే ఉంది. బుధవారం మళ్ళీ పరీక్ష. అదీ చెడితే ఈ పనిని ఇంకో ఊరి కాలేజీకి ఇచ్చేస్తారు. ముట్టుకున్నదెవరో తేల్చి చెప్పమని విభాగాధిపతి ఏసుపాదం ఇవాళ నజీమానీ గంగాధర్‌నీ తన గదికి రమ్మన్నాడు.

గంగాధర్ పోతాడు. రహ్మాన్ కోరుకున్నది అదే. అయినా ఆ టీ తాగకుండా పారబోశాడు.

*

శ్రావణం కావడంతో గవర్నర్‌పేటలో కొట్టు కిటకిటలాడుతోంది. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఒకతను వెయ్యి వాట్ల హాలోజన్ అడిగాడు. రహ్మాన్ కాగితంలో చుట్టి ఇస్తూ, "గుడ్డతో పట్టుకో. వట్టి చేత్తో..." అని ఆగిపోయాడు.

"తెలుసు భాయ్, ప్రతిసారీ చెప్తావుగా," అని అతను నవ్వి వెళ్ళిపోయాడు.

అప్పుడే మెట్ల కింద గంగాధర్ కనపడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. చేతిలో ఆ స్టీలు గిన్నె.

"నమస్తే అండీ."

"రావయ్యా. ఏం కావాలి? మా సరుకు మీకు పనికిరాదే."

గంగాధర్ ఆ మాటను విననట్టే ఊరుకున్నాడు. "మేడమ్ ఫోన్ చేశారా అండీ మీకు?"

"ఎందుకు?"

"చెయ్యలేదన్నమాట." అతను గిన్నెను కౌంటర్ మీద పెట్టి, మళ్ళీ ఎందుకో చేతిలోకి తీసుకున్నాడు. "ల్యాంపు ముట్టుకుంది తనేనని మేడమ్ చెప్పేశారండీ. ఏసుపాదం గారి ముందు. సంజీవరావు గారు ఫోన్‌లో ఉన్నారు, ఆయనా విన్నారు."

కొట్టు ముందు సిటీ బస్సు హారన్ కొడుతూ ఆగింది. అది కదిలాక రహ్మాన్ కౌంటర్ మీదికి వంగాడు.

"తనేనందా?"

"అవునండీ. తొందరలో తొడుగులు వేసుకోలేదు, తప్పు నాదే అన్నారు. ఏసుపాదం గారు నమ్మలేదండీ. మీరు అలాంటి పొరపాటు చెయ్యరే అన్నారు. చేశాను సార్ అన్నారు మేడమ్. ఇంక ఆయన మాత్రం ఏం చేస్తారు? బుధవారం టెస్టుకి మేడమ్‌ని దూరంగా ఉండమన్నారు. తాళాలు నాకిచ్చారు."

"నీకా?"

"నాకేనండీ."

ఆ మాట చెబుతున్నప్పుడు గంగాధర్ మొహంలో సంతోషం అణువంతైనా ఉంటుందేమోనని రహ్మాన్ వెతికాడు. ఉండి ఉంటే ఎంత బాగుండేది! లేదు. కుర్రాడు నిద్రలేని కళ్ళతో నేల చూస్తున్నాడు.

"నా చేత కాదండీ అది. వేడి ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆపాలో అంతా ఆవిడకే తెలుసు. పలక వెనక తీగలు కూడా ఆవిడ చేత్తో అతికించినవే. మేడమ్ లేకుండా నేను స్విచ్ వెయ్యలేను. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు ఆవిడ."

"ఆవిడ అన్నం తిన్నదీ లేనిదీ చూడ్డం కూడా నీ పనేనా?"

మాట జారింది. పక్క కొట్టతను ఇటు చూశాడు.

గంగాధర్ తలెత్తాడు. కోపం తెచ్చుకుంటాడనుకుంటే తెచ్చుకోలేదు. అతని చూపు రహ్మాన్ మొహం నుంచి కౌంటర్ మీదున్న చేతి మీదికి దిగి, అక్కడ కాసేపు ఆగింది. రహ్మాన్ ఆ చేతిని కౌంటర్ కిందికి తీసేసుకున్నాడు.

"మీరు ఒకసారి మాట్లాడండి భాయ్," అన్నాడు గంగాధర్ మెల్లగా. "మీరు మాట్లాడితేనే అవుతుంది."

"మా ఆవిడతో నేనేం మాట్లాడాలో నువ్వు చెప్పాలా?"

"మేడమ్‌తో అని కాదండీ," అని ఏదో అనబోయి గంగాధర్ ఆగిపోయాడు. "వెళ్ళొస్తానండీ. బందరు బస్సుకి అమ్మ వస్తోంది," అని మెట్లు దిగాడు.

రహ్మాన్ మనసులో మిగిలింది ఒక్కటే. వాడి కోసం తన మీద వేసుకుంది. నాలుగేళ్ళ కష్టం, పరీక్ష, పేరు, తాళాలు అన్నీ వాడికి ధారపోసింది. తాను చేసిన తప్పు ఆ మంటలో కాసేపు అతనికి కనపడకుండా పోయింది. మధ్యాహ్నం బేరాలు వదిలేసి షట్టర్ లాగేశాడు.

*

నజీమా పెరట్లో ఉంది. మాడిన గోడ దగ్గర తీగ మీద బట్టలు తీస్తోంది. ఫరహత్ సాయంత్రపు అసర్ నమాజుకి లోపల చాప పరుచుకుంటోంది.

"గొప్ప త్యాగం చేశావట," అన్నాడు రహ్మాన్. స్కూటర్ తాళం ఇంకా చేతిలోనే ఉంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? నీ తాళాలు పుచ్చుకున్నవాడే."

"అయితే మీ దగ్గరికి వచ్చాడా?" నజీమా మొహంలో ఏదో ఆశ కదిలింది. "ఏమన్నాడు?"

ఆ ఆత్రం చూసి రహ్మాన్ ఒళ్ళు భగ్గుమంది. "ఏమన్నాడో తెలుసుకోవాలని ఎంత తొందరో! నువ్వు అన్నం తినలేదని బెంగపెట్టుకున్నాడు. నజీమా, ఒక్కటి అడుగుతా, సూటిగా చెప్పు. వాడి కోసం ఇంత పని చెయ్యాల్సిన అవసరం ఏమొచ్చింది నీకు?"

"వాడి కోసమా?"

"మరి? వాడి తప్పు నీ నెత్తిన వేసుకోలేదూ?"

నజీమా చేతిలో ఉన్న తువ్వాలును నిదానంగా మడత పెట్టింది. "గంగాధర్ తప్పా అండీ అది?"

"కాకపోతే?"

"మీరు చెప్పండి. గంగాధరే ముట్టుకున్నాడని ఒక్కసారి మీ నోటితో చెప్పండి. ఇప్పుడే ఏసుపాదం గారికి ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకుంటా."

చెప్పొచ్చు. ఒక్క ముక్క. చెబితే కుర్రాడు గిలకలదిండి పోతాడు, తాళాలు ఆమెకి వస్తాయి, బుధవారం పరీక్ష ఆమె చేతుల మీదే జరుగుతుంది. లోపల ఫరహత్ చాప సర్దిన చప్పుడు ఆగిపోయింది. ఆవిడ కూడా వింటోంది.

"నాకేం తెలుసు?" అన్నాడు చివరికి. "నేను చూశానా?"

నజీమా మడత పెట్టిన తువ్వాలును గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళింది. బ్యాగుతో తిరిగి వచ్చింది. అందులోంచి చిన్న బుడ్డి తీసి తువ్వాలు మీద పెట్టింది.

పొద్దున అద్దం కింద కనపడని అత్తరు బుడ్డి. వట్టివేళ్ళ అత్తరు. ప్రతి రంజానుకూ ఆమె కొనిచ్చేది అదే. ఘాటెక్కువని మసీదులో పక్కవాళ్ళు వేళాకోళం చేసినా రహ్మాన్ ఇంకొకటి రాసుకోడు. శుక్రవారం నమాజుకి వెళ్ళేముందు రెండు అరచేతులకూ పట్టించి, కుర్తాకి రాసుకున్నాడు.

"ల్యాంపులు ఒకేసారి పెంచం," అంది నజీమా. గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెబుతున్నట్టు. "మొదట సన్నగా వెలిగించి కాసేపు ఉంచుతాం. శనివారం సన్నగా వెలిగించగానే ఈ వాసన వచ్చింది. ఒక్క క్షణమే. వెంటనే వాసన పోయింది. తర్వాత వేడి పెంచాం, పేలింది."

రహ్మాన్ కూర్చుందామని చూశాడు. పెరట్లో కూర్చోవడానికి ఏమీ లేదు.

"శుక్రవారం బల్ల మీద హోల్డర్లు కనపడ్డాయి, ఆ మచ్చలు చూడకముందే నాకు తెలుసు. రెండు రోజులుగా ఎదురు చూస్తున్నా, మీరే చెప్తారని. ఇవాళ పొద్దున కూడా అడిగాను. మీరు అత్తరు బుడ్డి వెతుక్కున్నారు."

"అయితే... నువ్వు ఒప్పుకుంది..."

"మా ఆయన కావాలని చేశాడని ఏసుపాదం గారికి చెప్పమంటారా? ఈ పెరట్లో నాకు మొదటి లైటు వెలిగించిన మనిషి చేశాడని చెప్పమంటారా? నాకు నోరు రాలేదండీ." కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు కారనిచ్చింది. "చేసింది మీరైనందుకు కూడా కాదు ఏడుపు. తుడిచి ఉండొచ్చుగా. ఒక్క గుడ్డతో తుడిస్తే పోయేదని మీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

అతనికి నేల మీద చూపు నిలవలేదు. మాడిన గోడ చూశాడు. సిగ్గు ముంచుకొచ్చింది. క్షమించమని అడగాలి, చెయ్యి పట్టుకోవాలి, ఇప్పుడే కాలేజీకి బయల్దేరాలి. ఇన్ని చెయ్యాలని తెలుస్తూనే ఉంది. ఈలోగా ఇంకొకటి తోచింది.

"ఆ వాసన... ఇంకెవరికైనా తెలిసిందా?"

నజీమా తీగ మీద మిగిలిన చొక్కా లాగింది.

"సంజీవరావు గారికి తెలీదు. ఏసుపాదం గారికీ తెలీదు. నేను తలెత్తేసరికి గంగాధర్ వెనక్కి తిరిగి తలుపు వైపు చూస్తున్నాడు." ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. "మీరొచ్చారనుకున్నాడు."

కొట్టులో తన చేతి మీద ఆగిన చూపు రహ్మాన్‌కు గుర్తొచ్చింది. మేడమ్‌తో అని కాదండీ, అన్న మాట కూడా.

"తలుపు దగ్గర ఎవరూ లేరు. అతను నా వైపు చూశాడు. నేనూ చూశాను. అంతలో పగిలింది."

"తర్వాత మీరిద్దరూ దాని గురించి ఏమనుకున్నారు?"

"ఏమీ అనుకోలేదు. ఒక్క మాట కూడా."

ఒక్క మాట కూడా అనుకోనక్కర్లేకుండా అన్నీ తెలిసిపోయాయన్నమాట. ఇన్నాళ్ళూ వాళ్ళ మధ్య ఏదో ఉందని వెతికాడు, ఏమీ దొరకలేదు. ఇప్పుడు ఇద్దరికి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఉంది. దాన్ని అక్కడ పెట్టింది తనే.

నజీమా బట్టలన్నీ చేతుల్లోకి తీసుకుంది. బుడ్డిని గోడ మీదే వదిలేసింది.

"ఏసుపాదం గారు రేపు పొద్దున గదిలోనే ఉంటారు. మీరు వెళ్ళి నిజం చెప్తే బుధవారం నేను ల్యాబ్‌లో ఉంటాను. వెళ్ళకపోతే ఉండను. ఇంక మీ ఇష్టం. నేనైతే మీ పేరు చెప్పను." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. "గంగాధర్ కూడా చెప్పడు."

లోపల ఫరహత్ నమాజు మొదలుపెట్టింది. తాను అడగాల్సినవి ఎన్నో ఉన్నాయని రహ్మాన్‌కు తెలుసు. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది.

"చెప్పడని నీకెలా తెలుసు?"

గుమ్మంలో నజీమా భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.